నల్లా కింద క్యూసెక్కు

మొన్న పొద్దున హయత్‌నగర్‌లో మా వాకిట్లో కూర్చుని మనవరాలితో పేపరు చదివిస్తున్నాను. "హిమాయత్ సాగర్‌లో 4 వేల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది" అని చదివింది. అక్కడ ఆపమన్నాను.

"ఏం తప్పుంది తాతా?"

"బస్సులో ఎంతమంది ఉన్నారంటే గంటకు అరవై కిలోమీటర్లు అన్నట్టుంది బిడ్డా. పోయి బకెట్ పట్టుకురా."

నల్లా తిప్పి, ఒకటీ రెండూ లెక్కపెట్టమన్నాను. గడియారం చూస్తూ అరవై అనేసరికి పదిహేను లీటర్ల బకెట్ నిండింది. నిమిషానికి 15 లీటర్లు, అదీ మా నల్లా ధార. క్యూసెక్కు కూడా ధార లెక్కే: సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ఇలాంటి నల్లాలు 113 ఒకేసారి తిప్పితే ఒక్క క్యూసెక్కు!

బకెట్‌లో నిలిచిన నీళ్ల లెక్క వేరు. జలాశయానికైతే టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. హిమాయత్ సాగర్ నిండితే దాదాపు 3 టీఎంసీలు. 11,574 క్యూసెక్కుల ధార ఒక రోజంతా ఆగకుండా వస్తే ఒక టీఎంసీ అవుతుంది. కొందరు "గంటకు 4 వేల క్యూసెక్కులు" అని కూడా రాస్తారు. సెకను ఆ మాటలోనే ఉంది, మళ్లీ గంట ఎందుకు?

మూసీ ఒడ్డున బతికేవాళ్లకు ఇది ఉత్త పట్టింపు కాదు. 1908 వరద ఊరిని ముంచాకే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. చెరువులో ఎంతుందో, పైనుంచి ఎంత వస్తోందో విడివిడిగా తెలిస్తేనే సామాను సర్దుకోవాలో వద్దో తేలుతుంది.

ఆ వార్తలోనే "గేట్లు ఎత్తివేయబడ్డాయి" అని ఉంది. మనం ఇంట్లో "అన్నం తినబడింది" అంటామా? "జలమండలి సిబ్బంది రెండు గేట్లు ఎత్తారు" అంటే ఎవరు, ఎన్ని అన్నవి రెండూ తెలిసిపోతాయి. బూదరాజు రాధాకృష్ణగారు ఈనాడు జర్నలిజం పాఠశాలలో ఎందరో విలేకరులకు తెలుగు రాయడం నేర్పారు. అలాంటి గురువు ప్రతి పత్రికకూ ఒకరుండాలని నా కోరిక.

మనవరాలు మళ్లీ పేపరందుకుంది. కాసేపటికి తలెత్తింది.

"తాతా, నిన్న మన దగ్గర 65 సెంటీమీటర్ల వాన పడిందట. అంత పడితే వాకిట్లో నీళ్లు నా మోకాళ్లు దాటాలి కదా?"

"దాటాలి. మరి?"

"చెప్పులు కూడా మునగలేదు. మిల్లీమీటర్లు అయ్యుంటాయి."