బలానికో సీసా?

"నర్సమ్మా, పిల్ల నీరసపడిపోయింది. బలానికి ఓ సీసా ఎక్కించు తల్లీ!"

మా పెద్దమ్మ గోల ఇది. పోయినేడు అక్కకి నొప్పులొస్తే ఉంగుటూరు నుంచి కారులో గూడెం తీసుకెళ్లాం. లోపల తోడుగా నేనున్నా. "దాహంగా ఉందే" అంటోంది అక్క. ఆయా మాత్రం చుక్క నీళ్లు కూడా పట్టొద్దంది. చేతికి సూది, పైన సీసా, నోట్లో తడి లేదు!

సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, ఊరుకోలేక లేబుల్ చదివా. డెక్స్‌ట్రోజ్ 5 శాతం. అంటే గ్లూకోజ్. అర లీటరులో 25 గ్రాములు. ఐదారు చెంచాల పంచదార నీళ్లన్నమాట. మన ఊళ్లలో బలం అనుకునేది దీన్నే.

మనం అన్నిటినీ సెలైన్ అనేస్తాం కానీ, అసలు సెలైన్ అంటే లీటరుకి 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు. రింగర్ లాక్టేట్‌లో సోడియంతో పాటు పొటాషియం, కాల్షియం కూడా ఉంటాయి. మన రక్తంలోని లవణాలకి అది దగ్గర. కాన్పులో రక్తం పోతే ఎక్కించేది ఈ రెండిట్లో ఒకటి.

చిక్కంతా వట్టి గ్లూకోజ్‌తోనే. చక్కెరని ఒళ్లు వాడేసుకుంటే మిగిలేది నీళ్లే. నొప్పులు పెంచడానికిచ్చే ఆక్సిటోసిన్ ఆ నీళ్లని బయటికి పోనివ్వదు. సీసా మీద సీసా ఎక్కితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్. బిడ్డకీ ముప్పే. తల్లికి చక్కెర పెరిగితే కడుపులో బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేస్తుంది. బొడ్డు కోయగానే చక్కెర రావడం ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం ఆగదు. బిడ్డకి షుగర్ పడిపోతుంది. మా భాషలో చెప్పాలంటే డేటా ఆగింది, ప్రాసెస్ ఆగలేదు.

ఇక కాన్పు బీపీ ఉన్నవాళ్లకైతే ఏ సీసా అయినా కొలిచే ఇవ్వాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

ముప్పు తక్కువగా ఉన్న గర్భిణి నొప్పుల్లో తాగొచ్చు, తినొచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. కాన్పు త్వరగా అవ్వాలని సీసా ఎక్కించొద్దని కూడా అంది. ఆపరేషన్ అవసరం పడేలా ఉంటే సంగతి వేరు, అది డాక్టరు తేల్చాలి.

అందుకే డాక్టరుగారు రాగానే అడిగేశా: "ఈ సీసా ఎందుకు మేడమ్? నీళ్లు పట్టొచ్చా?" ఆవిడ కేస్ షీట్ తిరగేసి, "బీపీ లేదు, షుగర్ లేదు. కొంచెం కొంచెంగా పట్టండి" అన్నారు. సీసా కూడా తీయించేశారు.

అక్క కొబ్బరినీళ్లు తాగింది. తెల్లారేసరికి పాప పుట్టింది. పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ అంటూనే ఉంది, "ఆ సీసా ఉంచుంటే ఇంకా తేలిగ్గా కనేది" అని.