భద్రపేటికలోని చీటీ

పూర్వము మన యిండ్లలో భోషాణపు పెట్టె యుండెడిది. అందులో దస్తావేజులు, నగలు, ప్రామిసరీ నోట్లతోపాటు ఇంటి పెద్ద స్వహస్తముతో వ్రాసిన చీటీ యొకటి ఉండుట కద్దు. ఎవరి బాకీ యెంత, ఏ తాళపుచెవి దేనిది, ఏ కాగితము ఎచట నున్నది అను వివరములు అందుండెడివి. పెట్టె యెంత గట్టిదైనను, చీటీలోని వ్రాత తెలియకున్నచో అవసరపు వేళ ఆ గట్టితనము ఎవరికిని అక్కరకు రాదు.

నేడు ఆ భోషాణము స్థానమును పాస్‌వర్డు మేనేజరు అను సాధనము ఆక్రమించినది. ఈ తరగతికి చెందిన కీపాస్ 2003లోను, వన్‌పాస్‌వర్డ్ 2006లోను, బిట్‌వార్డెన్ 2016లోను వెలువడినవి. బ్యాంకునకు ఒకటి, ఈమెయిలుకు ఒకటి, బీమాకు ఒకటి చొప్పున మనకుండు పాస్‌వర్డుల నన్నిటిని గూఢలిపిలో దాచి, ఒకే ప్రధాన పాస్‌వర్డుతో తెరచు ఏర్పాటిది. ప్రతి పద్దు క్రిందను ‘నోట్సు’ అను ఖాళీ స్థలము కొంత ఉండును. ఫోను పోయినచో ఏమి చేయవలెను, నామినీ ఎవరు, ఖాతా తిరిగి పొందుటకు ఇచ్చిన సంఖ్య లేవి అను సంగతులు అచటనే వ్రాసికొందుము. నేటి చీటీ యిదియే.

ఈ చీటీని చక్కగా అమర్చుటకు గల వీలు అన్నిట ఒకే తీరున లేదు. కొన్నిటిలో టైపు చేసినది చేసినట్లే కనిపించును. వన్‌పాస్‌వర్డ్ వంటివి మార్క్‌డౌన్ అను గుర్తుల పద్ధతిని గ్రహించును. దీనిని 2004లో జాన్ గ్రూబర్ అను రచయిత, ఆరన్ స్వార్ట్జ్ తోడ్పాటుతో ప్రకటించెను. ఈమెయిళ్లలో జనులు అలవాటుగా వాడుకొను గుర్తులే దీనికి ప్రధానమైన ఒరవడి. పంక్తి మొదట # గుర్తును, ఒక ఖాళీని ఉంచిన అది శీర్షిక యగును. మాటకు ఇరుప్రక్కల రెండేసి నక్షత్రపు గుర్తులుంచిన దళసరి యక్షరములగును. ఒక్కొక్కటి యుంచిన వాలు అక్షరములగును. పంక్తి మొదట చిన్న గీతయు ఖాళీయు ఉంచిన అది జాబితా యగును. గుర్తులను తెర గ్రహింపకున్నను పాఠము చదువుటకు అనువుగానే యుండుట ఈ పద్ధతిలోని మేలు.

అయితే ఈ మేలు వెంటనే ఒక చిక్కు కలదు. దానిని మేము అనుభవపూర్వకముగ నేర్చుకొంటిమి. మా యింట పెద్దలొకరు ఆసుపత్రిలో నుండగా, వారి అనుమతితో బీమా ఖాతా తెరువవలసివచ్చినది. పాస్‌వర్డును నోట్సులో వ్రాసి యుంచినది మేమే. తెరపై చూచి కాగితముపై ఎక్కించుకొని, ఇంటి కంప్యూటరులో టైపు చేసితిమి. తలుపు తెరువలేదు. మూడుమారులు తప్పగుటతో ఖాతా మరునాటి వరకు మూతపడినది. ఆ రాత్రి మా యింట నిదుర లేదు. తప్పు బీమావారిది కాదు, జ్ఞాపకశక్తిది కాదు. చీటీ వ్రాసిన తీరుది.

జరిగినదేమో ఒక ఉదాహరణతో చెప్పెదము. 47*29*83 అని నోట్సులో వ్రాసితిమనుకొందము. మార్క్‌డౌన్ ఆ రెండు నక్షత్రములను రహస్యములోని భాగముగా నెంచదు. నడిమి మాటను వాల్చుమను ఆజ్ఞగా గ్రహించును. కావున తెరపై 472983 అనియే కనిపించును, నడుమ 29 కొంచెము వాలియుండును. ఎనిమిది గుర్తులు ఆరైనవి. దాచిన పాఠము చెడలేదు. సవరించుటకై తెరచినచో నక్షత్రములు మరల అగపడును. చెడినది చూపు మాత్రమే. కాని ఆపదలో నున్నవాడు నమ్మునది చూపునే కదా!

ఇట్టివి మరికొన్ని కలవు. ఖాతా తిరిగి పొందుటకు గూగుల్ వారు ఒక్కొక్కటి ఎనిమిది అంకెలు గల పది సంఖ్యలను ఇత్తురు. ఒక్కొక్కటి ఒకేమారు పనికివచ్చును. వానిని ఒక దానిక్రింద ఒకటిగా వ్రాసినను, మార్క్‌డౌన్ మూలనియమము ప్రకారము ఆ పంక్తులన్నియు కలిసి ఒకే పేరాగా కనబడవచ్చును. వరుస సంఖ్యలు వేసి, వాడినవానిని తొలగించి 3, 7, 9 మాత్రమే మిగిల్చినచో, పలుచోట్ల అవి 3, 4, 5గా మారి కనిపించును. కొన్ని ఫోనులు రెండు చిన్న గీతలను తామే ఒక పొడుగు గీతగా దిద్దును.

తెలుగున వ్రాయువారు మరి మూడు సంగతులు గమనింపవలెను. మన అంకెలైన ౧౨౩ను, 123ను మనము ఒకటిగా చదివినను, కంప్యూటరుకు అవి వేర్వేరు గుర్తులు. ‘పాస్‌వర్డు’ అను మాటలో వకారము వత్తుగా మారకుండుటకు నడుమ కంటికి కానరాని గుర్తొకటి చేరుచుండును. పేరును రహస్యమును ఒకే పంక్తిలో నుంచి నకలు తీసినచో అట్టిది వెంట రావచ్చును. ఇక వాలు అక్షరము మన లిపికి సహజమైనది కాదు. దళసరి యక్షరము చాలును.

కావున మేము ఇపుడు అనుసరించు పద్ధతి యిది. పాస్‌వర్డును దానికై యేర్పడిన గడిలోనే ఉంచెదము. అచట అది చుక్కల చాటున నుండును, నకలు తీసిన అక్షరము పొల్లుపోక వచ్చును. నోట్సు అట్లు కాదు. తెరచినంతనే ప్రక్కనున్నవారికిని కనబడును. సంఖ్యలను నోట్సులోనే ఉంచవలసివచ్చినచో, మార్క్‌డౌన్ గల చోట వానికి ముందొక పంక్తిలో ``` అని మూడు గుర్తులు, తరువాత ఒక పంక్తిలో మరల మూడు గుర్తులు ఉంచెదము. ఆ కంచెలోపల ఏ గుర్తుకును ఆజ్ఞాపించు అధికారము లేదు. పంక్తి పంక్తిగా, వ్రాసినది వ్రాసినట్లే నిలుచును. వాడిన సంఖ్యను కొట్టివేసినట్లు గీత గీయుటకు మారుగా తుడిచివేసెదము. ఆ గీతకు గుర్తు మూల మార్క్‌డౌన్‌లో లేదు. శీర్షికలును దళసరి యక్షరములును ‘మొదట చేయవలసినది’, ‘ఎవరిని పిలువవలెను’ అను మాటలకే వాడెదము. రహస్యమునకు అలంకారమేదియు చేయము.

కడపట, వ్రాసి ముగించిన పిదప సవరణను మూసి, తెరపై కనిపించుదానిని మాత్రమే చూచి ఒకమారు ఖాతాను తెరచి చూచెదము. వీలైనచో మేము గాక, రేపు దానిని చదువవలసిన వారి చేతనే ఆ పని చేయించెదము. చీటీ మన కొరకు వ్రాసికొనునది కాదు. మనము చెప్పలేని వేళ మన తరఫున చెప్పుటకు వ్రాయునది. ఈ ఆదివారము ఒక ఘడియ తీరిక చేసికొని మీ చీటీని మీరే ఒకమారు పరాయివారివలె చదివి చూడుడు.