అక్షరం - రూపాంతరం

నంద్యాల నుండి ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా సాగే రహదారి కడపను చేరుతుంది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తరువాతి కాలంలో శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలను సేకరించి, సొంత ధనంతో పండితులను నియమించి, వాటికి కాగితాలపై శుద్ధప్రతులు వ్రాయించాడు. గ్రంథాన్ని ఒక రూపం నుండి మరొక రూపానికి మార్చే ఆ పని నేడు కంప్యూటరుపై జరుగుతున్నది.

ఈ-పుస్తకాలను చదవడానికి రూపొందించిన చిన్న పరికరమే ఈ-రీడర్. దానిలోకి వచ్చే పి.డి.ఎఫ్. పుట ఆళ్లగడ్డ శిల్పి రాతిలో చెక్కిన విగ్రహం వంటిది. దాని కొలతలు స్థిరం. పెద్ద పుట చిన్న తెరపై ఇమిడినప్పుడు అక్షరాలు చీమలబారులా కనిపిస్తాయి. 2007లో ప్రమాణంగా వెలువడిన ఈపబ్‌లోనైతే తెర వెడల్పును, పాఠకుడు కోరిన అక్షర పరిమాణాన్ని బట్టి పంక్తులు వాటంతటవే సర్దుకుంటాయి. కోవిద్ గోయల్ 2006లో ప్రారంభించిన ‘క్యాలిబర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇటువంటి రూపాలను ఒకదాని నుండి మరొకదానికి మారుస్తుంది. పుస్తకాల పట్టికను కూడా నిర్వహిస్తుంది. కొనుగోలు చేసిన పుస్తకాలకు ప్రచురణకర్తలు తాళం వేసి ఉంటే అవి ఈ మార్పిడికి లొంగవు.

తెలుగు పుస్తకం విషయంలో మరొక చిక్కు ఉంది. నంద్యాలలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తాను వ్రాసిన గ్రామచరిత్రను డి.టి.పి. కేంద్రంలో అను ఫాంట్లతో టైపు చేయించి, ఆ ఫైలును ఆళ్లగడ్డలోని మనుమరాలికి పంపారనుకుందాం. ఆమె దానిని ఈపబ్‌గా మార్చి తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఇది ఈ-రీడర్ లోపం కాదు. ఇటువంటి పాత ఫాంట్లతో టైపు చేసినప్పుడు ఫైలులో చేరేవి ఆంగ్లాక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంకేతాలే. వాటికి తెలుగు అక్షర భాగాల ఆకారాలను ఫాంటు తొడుగుతుంది. ఫాంటు లేనిచోట అసలు సంకేతాలు బయటపడతాయి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు అక్షరాలకు ప్రత్యేక స్థానాలు లభించాయి. అందులో ‘క’ అన్నది ఏ తెలుగు ఫాంటులోనైనా ‘క’గానే ఉంటుంది.

కనుక ఆమె ముందుగా ఆ ఫైలును యూనికోడ్‌లోకి మార్చాలి. ఆ మార్పిడికి సాధనాలున్నాయి గాని, ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ తప్పిపోవచ్చు. అచ్చుప్రతిని ప్రక్కన పెట్టుకొని పంక్తి పంక్తినీ సరిచూడడం తప్పదు. విసుగు పుట్టించే పనే అయినా ఇందులో దగ్గరదారి లేదు. స్కాను చేసిన పాత పుస్తకాలకైతే శ్రమ మరింత ఎక్కువ. అక్కడ ఉన్నది అక్షరాల చిత్రం మాత్రమే. దాని నుండి యంత్రం గుర్తించిన పాఠాన్ని మనిషి దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు ఈ పనినే పుటపుటకూ చేస్తున్నారు.

ఫైలు రూపాలు కూడా శాశ్వతం కావు. ఒకప్పుడు కిండిల్ పాఠకులు విరివిగా వాడిన మోబీని అమెజాన్ క్రమంగా విడిచిపెట్టింది. పాఠకులు తమ సొంత ఫైళ్లను పంపుకొనే సేవలో 2022 నుండి ఈపబ్‌ను స్వీకరిస్తున్నది. రేపు ఈపబ్ స్థానంలో మరొకటి రావచ్చు. అందువల్ల ఆ గ్రామచరిత్రకు మూలప్రతిగా నిలవవలసినది దిద్దిన యూనికోడ్ ఫైలే. రచయిత పేరు, గ్రంథనామం, సంవత్సరం కలిపి దానికి పేరు పెట్టి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుకోవాలి. అను ఫైలును సైతం పారవేయరాదు. తాతగారు ఒక ఊరి పేరును ఏ ఒత్తుతో వ్రాశారన్న సందేహం కలిగితే తిరిగి చూడవలసినది దానినే.