మోటారుకారునకుఁ దగిన నూనె

చిక్కని నూనె పోసినచో ఇంజనునకు బలమని మనలోఁ బెక్కురు తలంతురు. నేఁటి కార్ల కది చెల్లదని మేము చెప్పవలసియున్నది. వీని ఇంజనులలో నూనె పాఱు త్రోవలు మిక్కిలి సన్ననివి. చిక్కని నూనె వేకువజామున ఇంజను కదలించినపుడు పైభాగములకు వెంటనే యెక్కదు.

డబ్బాపై 5డబ్ల్యు-30 అని యుండును. డబ్ల్యు అనఁగా శీతకాలము. దాని ముందరి యంకె చలిలో నూనె పాఱు తీరును, వెనుకటి యంకె 100 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడిమిలో దాని చిక్కఁదనమును దెలుపును. అయిన నీ యంకెలు సరిపోయినంతమాత్రమున నూనె సరిపోయినట్లు కాదు.

డీజిలు కార్ల సంగతి చూడుఁడు. మన దేశమున 2020 ఏప్రిల్ 1వ తేదీన భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చిన పిమ్మట వీని పొగగొట్టపు మార్గమున మసిని బట్టు జల్లెడ నమర్చుచున్నారు. అందుఁ జిక్కిన మసిని ఇంజనే యప్పుడప్పుడు కాల్చివేయును. కాని నూనెలోఁ గలిపిన కాల్షియము మొదలగు లోహపు మందులు కాలఁగా మిగులు బూడిద పోదు; నానాఁటికిఁ బేరుకొని జల్లెడను మూసివేయును. అందుచే బూడిద తక్కువగా నిచ్చు నూనెలకు ఐరోపా కారునిర్మాతల సంఘమువారు "సి" తరగతి నేర్పఱచిరి. కారు పుస్తకమున "సి3" అని యుండఁగా, అంగడివాఁడు "అంకె యొక్కటే గదా" యని వేఱొకటి పోసినచో, కొన్నియేండ్లకుఁ గ్రొత్త జల్లెడ కొనవలసివచ్చును. దాని వెల విన్న తండ్రులకు నూనెలో మిగిల్చిన రూకలు గుర్తుండవు!

మఱియొకటి. కొన్ని డబ్బాలపై కారు కంపెనీవారు పరీక్షించి యంగీకరించిరని యుండును; కొన్నిటిపై వారి కార్లకుఁ దగినదని మాత్రమే యుండును. ఈ రెండవది నూనె యమ్మువాని మాట. కారుతో వచ్చిన పుస్తకము ఏ పెట్టె యడుగున నున్నదో వెదకి, నూనెను గూర్చిన పుటలోని యక్షరములను అంకెలను కాగితముపై వ్రాసికొని యంగడికిఁ బోవుఁడు.