సర్టిఫికెట్ తీసుకునే ముందు, కొనేది ఎవరో చూడండి

వీడియోలో పొలం, జీవామృతం డ్రమ్ములు చూపించాను. సర్టిఫికెట్ల సంగతి కెమెరా ముందు రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా విజయవాడ హైవే పొంటి ఉన్న మన రైతులు ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, ఏ సర్టిఫికెట్ తీసుకుంటే రేటు వస్తది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "నీ సరుకు ఎవరు తింటున్నరు?"

సేంద్రియంగా పండించమని, ముద్ర తీసుకోమని ఏ చట్టమూ బలవంతం చేయదు. వీటిని స్వచ్ఛంద ప్రమాణాలు అంటారు. ఆ స్వచ్ఛందం ఎంతో మార్కెట్‌కు పోతే తెలుస్తది. 1997లో యూరప్ సూపర్‌మార్కెట్లు కలిసి యూరెప్‌గ్యాప్ అనే ప్రమాణం పెట్టుకున్నాయి. 2007 నుంచి దాని పేరు గ్లోబల్‌గ్యాప్. అది సర్కారు రూల్ కాదు. అయినా దాన్ని అడిగే దుకాణానికి అది లేకుండా ద్రాక్ష పంపలేం. రూల్ రాసేది కొనేవాడు, ఖర్చు భరించేది పండించేవాడు.

మన దగ్గర ఎగుమతికి ఎన్‌పీఓపీ ఉంది. 2001లో మొదలైంది, అపెడా నడుపుతుంది. బయటి ఏజెన్సీ తనిఖీ, ఫీజు, రికార్డులు అన్నీ ఉంటాయి. మార్పిడి కాలం ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు. ఇంత చేసినా విదేశం తలుపు తాళంచెవి మన దగ్గర ఉండదు. అపెడాతో ఉన్న గుర్తింపు ఒప్పందం రద్దు చేస్తున్నట్టు అమెరికా 2021 జనవరిలో చెప్పింది. 2022 జూలై నుంచి అక్కడికి పంపేవాళ్లు అమెరికా ప్రమాణం కింద నేరుగా సర్టిఫికెట్ తీసుకోవాల్సి వచ్చింది.

మనం అమ్మేది వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లకు. పాలకూర కట్టకు ఎగుమతి కాగితం ఎందుకు? ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఏడాది టర్నోవర్ 12 లక్షలు దాటని చిన్న రైతు, లేదా రైతుల సంఘం, తినేవాళ్లకే నేరుగా అమ్మితే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. జైవిక్ భారత్ లోగో మాత్రం వేయొద్దు. షాపు ద్వారా ఆర్గానిక్ అని పేరు పెట్టి అమ్మాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ ఉండాలి. మనలాంటి వాళ్లకు నా ఓటు పీజీఎస్‌కే.

2011లో వచ్చిన ఈ పద్ధతిలో ఇన్‌స్పెక్టర్ ఎవరో కాదు, పక్క పొలం రైతే. కనీసం ఐదుగురు కలిసి గ్రూపు కట్టాలి, ప్రతిజ్ఞ చేయాలి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేయాలి. మార్పిడిలో ఉన్నవారికి పీజీఎస్-గ్రీన్, పూర్తయినవారికి పీజీఎస్-ఆర్గానిక్. సరుకు గ్రూపు చేతిలో ఉన్నంతవరకే ఈ ముద్రకు బలం. నేరుగా అమ్మేవాళ్లకు సరిపోయేది అందుకే.

దీనికి అసలు శత్రువు మొహమాటం. బావమరిది గట్టు మీద కలుపు మందు డబ్బా కనబడితే రాసేదెవరు? "నువ్వు నాకు సంతకం పెట్టు, నేను నీకు పెడతా" అనుకుంటే గ్రూపు అక్కడికే అయిపోయింది. ఒకరినొకరు అదే జంటగా చూసుకోకుండా తనిఖీలు మార్చి వేసుకోవాలి.

బయటి ఏజెన్సీ ఉంటే మోసం జరగదనీ అనుకోకండి. 2020లో మన దేశంలో సుమారు 20,000 టన్నుల పత్తికి నకిలీ సేంద్రియ లావాదేవీ సర్టిఫికెట్లు సృష్టించారని జీఓటీఎస్ సంస్థే బయటపెట్టింది, 11 కంపెనీలను నిషేధించింది. పత్తి మన తెలంగాణ పంట, అందుకే ఆ వార్త నాకు బాగా గుచ్చుకుంది. నిజంగా మందు కొట్టకుండా పండించినవాడి పత్తిని కూడా అనుమానంగానే చూస్తారు కదా.

ఇక మన వైపు కష్టం వేరే. అబ్దుల్లాపూర్‌మెట్, పెద్ద అంబర్‌పేట దగ్గర ప్రతి మలుపులో వెంచర్ బోర్డే. ఐదుగురి గ్రూపులో ఒకరు భూమి అమ్మితే మిగిలేది నలుగురు. కౌలు రైతుకు ఇంకా ఇబ్బంది. రెండేళ్లు కష్టపడి నేలను బాగుచేశాక ఓనరు వెనక్కి తీసుకుంటే, కొత్త చెలకలో మార్పిడి కాలం మళ్లీ మొదటినుంచి. అందుకని ఐదుగురితో ఆగకండి. ఏడెనిమిది మందిని కలుపుకోండి, కౌలు మాట కనీసం మూడేళ్లకు కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి: స్ప్రేయర్ ఇరుగుపొరుగు నుంచి అడిగి తెచ్చుకునే అలవాటు ఉంటే మానండి. నిన్న అందులో కలుపు మందు కొట్టి ఉంటారు, ఈరోజు మన కషాయం పోస్తాం. తనిఖీకి వెళ్లినప్పుడు నేను పంట కన్నా ముందు ఆ ట్యాంకు మూత తీసి వాసన చూస్తా.