తేమ తరుగు ధాన్యానికే కాదు, ఇంటికీ కట్టాలి
అద్దె కోసం పాత ఇళ్లు కొనే మదుపుదారులు గమనించవలసిన అంశాలు

గూడూరు (మహబూబాబాద్ జిల్లా): ధాన్యంలో తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరన్న సంగతి కేసముద్రం యార్డుకు సరకు తెచ్చే ప్రతి రైతుకూ తెలుసు. పత్తిలో తేమ 8 శాతం మించితే ధరలో కోత పడుతుంది. 12 శాతం మించితే పత్తి సంస్థ (సీసీఐ) అసలు కొనదు. బస్తాలో చేయి పెట్టి తేమ చూడనిదే బేరం మొదలుపెట్టని వర్తకుడు కూడా, లక్షలు పోసి ఇల్లు కొనేటప్పుడు గోడ మీద చేయి వేసి చూడడు. పాత ఇల్లు కొని, బాగుచేయించి, అద్దెకు ఇవ్వాలనుకునేవారి నష్టం ఇక్కడే మొదలవుతున్నది.

గూడూరు పాకాల అడవులకు చేరువలో ఉన్నది. ఏడాది వర్షంలో అధిక భాగం జూన్ - సెప్టెంబరు నెలల్లోనే కురుస్తుంది. ఇటీవలి వానలు మరీ ఉద్ధృతంగా ఉన్నాయి. 2023 జులై చివరి వారంలో పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె - కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఇటువంటి వానలు తిన్న ఇంటిని, ఎండలు ముదిరిన ఏప్రిల్‌లో కొత్త రంగుతో చూసి ధర ఖాయం చేసుకోవడం తడిసిన ధాన్యాన్ని పైపొర చూసి కొనడం వంటిదే.

తేమ వచ్చే దారులు

ఇంటికి తేమ మూడు దారుల్లో వస్తుంది. మొదటిది నేల నుంచి. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక, మట్టి గోడలు నేలలోని నీటిని పైకి పీలుస్తాయి. ఈ నిమ్ము సాధారణంగా నేల నుంచి మీటరు ఎత్తు వరకు కనిపిస్తుంది. నీటితో పాటు వచ్చిన లవణాలు గోడపై తెల్లగా పొంగి, గిలాబు పెచ్చులుగా రాలుతుంది. దీనిని అడ్డుకోవడానికే పునాదిపై తేమ నిరోధక పొర (డీపీసీ) వేస్తారు. ఇది సుమారు 40 మిల్లీమీటర్ల మందాన, నీరు ఇంకని మందు కలిపిన కాంక్రీటు పొర. సిమెంటుపై కంట్రోలు 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగింది. బస్తా దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో కట్టిన ఇల్లయితే, ఈ పొర వేశారో లేదో అడిగి తెలుసుకోవడం అవసరం.

రెండవది పైకప్పు నుంచి. స్లాబుకు వాలు లేక నీరు నిలవడం, పిట్టగోడ మొదట్లో పగుళ్లు, నీటి గొట్టాలు మూసుకుపోవడం ఇందుకు కారణాలు. స్లాబులోకి నీరు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా రెట్టింపుకు పైగా స్థలం ఆక్రమించడం వల్ల కాంక్రీటు పగిలి కిందికి రాలుతుంది. మూడు దారుల్లోనూ మదుపుదారుకు ఎక్కువ ఖర్చు తెచ్చేది ఇదే.

మూడవది ఇంటి లోపలి నుంచి. స్నానాల గది గొట్టాల కారుడు, వంటగది ఆవిరి, గాలి ఆడని గదులు బూజుకు తావిస్తాయి.

కొనే ముందు పరీక్షలు

గోడపై అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచాలి. కాగితం వెనుక చెమర్చితే తేమ గోడలోదే. గది వైపు చెమర్చితే అది గాలిలోని ఆవిరి. యజమాని ఒప్పుకుంటే దాబాపై రెండంగుళాల నీరు కట్టి 48 గంటల పాటు కింద గమనించడం మంచిది. అయితే ముందుగా మేస్త్రికి చూపించి, పెచ్చులూడుతున్న స్లాబుపై ఈ బరువు పెట్టకుండా ఉండాలి.

నేల మట్టానికి ఇంటి అరుగు కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలని జాతీయ నిర్మాణ నియమావళి చెబుతున్నది. ఏళ్ల తరబడి వీధిలో రోడ్డు మీద రోడ్డు వేయడంతో ఎన్నో ఇళ్లు పల్లంలో పడ్డాయి. మోరీ నీరు గోడ పక్కనే నిలిచే ఇల్లయితే, రోడ్డుకూ అరుగుకూ ఉన్న తేడా కొలవనిదే బేరం ఆడరాదు.

మరమ్మతుకు వరుస ముఖ్యం

నిమ్ము పట్టిన గోడకు పుట్టీ, రంగు వేయడం, లేదా పలకలు అతికించడం సాధారణంగా జరిగే పొరపాటు. దీనివల్ల తేమ ఎండదు, దాగుతుంది. మట్టి, సున్నం గోడలున్న పాత ఇళ్లకు గట్టి సిమెంటు గిలాబు చేయిస్తే, బయటికి ఆరే దారి లేక నిమ్ము ఇంకా పైకి పాకుతుంది. అటువంటి గోడలకు సున్నపు గిలాబే తగినది.

ముందు నీరు వచ్చే దారి మూయాలి. అంటే మోరీ, గొట్టాలు, దాబా వాలు సరిచేయాలి. తరువాత లవణాలు పట్టిన గిలాబును నిమ్ము గీతకు పైన అడుగు, అడుగున్నర వరకు కొట్టివేయాలి. అటు తరువాత గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి సుమారు ఒక నెల అన్నది నిర్మాణ రంగంలోని పాత లెక్క. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపులా గాలి తగిలితే నాలుగైదు నెలలు పడుతుంది. గిలాబు, రంగు ఆఖరి పనులు.

లెక్క ఎలా వేయాలి?

ఉదాహరణకు ఒక ఇంటి ధర 18 లక్షల రూపాయలు, నెల అద్దె 6,000 అనుకుందాం. ఏడాదికి 72,000, అంటే 4 శాతం రాబడి. మరమ్మతుకు 90,000 ఖర్చయి, గోడలు ఆరేవరకు ఐదు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే, మొదటి ఏడు వచ్చే అద్దె 42,000 మాత్రమే. పెట్టుబడి 18.90 లక్షలకు పెరుగుతుంది కనుక రాబడి 2.2 శాతానికి పడిపోతుంది. ఇందులో 10 లక్షలు 9 శాతం వడ్డీకి తెచ్చినవైతే ఆ ఏడాది వడ్డీయే 90,000. అంటే అద్దె వడ్డీలో సగానికి కూడా చాలదు.

కనుక మరమ్మతు ఖర్చు 90,000, పోయే అద్దె 30,000, కలిపి 1,20,000 రూపాయలను తేమ తరుగుగా ధరలో తగ్గించి అడగడం న్యాయం. అమ్మకందారు 25,000తో రంగు వేయించి పూర్తి ధర అడిగితే, ఈ మొత్తం భారం కొన్నవారి నెత్తినే పడుతుంది.

పన్ను లెక్కలోనూ ఉపశమనం పరిమితమే. అద్దె ఆదాయంలో ఇంటి పన్ను పోగా మిగిలిన విలువపై 30 శాతం తగ్గింపు ఇస్తారు. మరమ్మతుకు అంతకు మించి ఖర్చయినా ఆ పద్దు కింద అదనంగా రాదు.

సిమెంటు, రంగుల పరిస్థితి

సిమెంటుపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు బస్తా 300 రూపాయలైతే, పన్నుతో 384 నుంచి 354కు దిగాలి. రంగులపై 18 శాతంలో మార్పు లేదు.

చవకగా ఉన్నదని సిమెంటును ముందే కొని పోగు చేయడం లాభం కాదు. గాలిలోని తేమకే సిమెంటు సత్తువ మూడు నెలల్లో సుమారు ఐదో వంతు, ఆరు నెలల్లో 30 శాతం తగ్గవచ్చు. బస్తాలను చెక్క బల్లలపై, గోడకు దూరంగా పేర్చి, ముందు వచ్చినవి ముందు వాడాలి. గడ్డ కట్టిన సిమెంటు స్లాబు పనికి తగదు.

హక్కులు, హద్దులు

రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (2016) కింద, స్వాధీనం చేసిన ఐదేళ్లలోగా నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు ఉచితంగా సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లకు మించని స్థలం, ఎనిమిదికి మించని ఫ్లాట్లు ఉన్న నిర్మాణాలకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. చేతులు మారే పాత ఇళ్లకు ఈ రక్షణపై ఆశ పెట్టుకోరాదు. పొరుగున కొత్తగూడ వైపు ఏజెన్సీ ప్రాంతం ఉన్నది కనుక, స్థలం షెడ్యూల్డ్ గ్రామంలోనిదైతే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు కొనుగోలు చెల్లదు. ఇది గోడ కన్నా ముందు చూడవలసిన అంశం.

ఇల్లు చూడడానికి ఆగస్టు, సెప్టెంబరు నెలలు అనువైనవి. లోపాలు అప్పుడే బయటపడతాయి. వానలు తగ్గాక గిలాబు కొట్టివేయిస్తే వేసవి ముగిసేలోగా గోడలు ఆరుతాయి. జూన్ తొలి వానకు ముందే దాబా పని పూర్తికావాలి. ఎండాకాలంలో కొనక తప్పనివారు తేమ తరుగు సంగతి బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి.