పెల్లెట్ పేలకుండానే గురి: టూబీహెచ్‌కే ఫ్లాట్‌లో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీస్‌కి ఏ గ్యాడ్జెట్ పనికొస్తుంది?

2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఈవెంట్‌లో 701.1 స్కోరుతో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ మన హైదరాబాదీ. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో నాలుగు పతకాలు తెచ్చిన ఈషా సింగ్ కూడా ఇక్కడి అమ్మాయే. వీళ్లని చూసి "మనమూ ఓ చెయ్యి వేద్దాం" అనుకునే కుర్రాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. చిక్కల్లా ఎక్కడంటే, సరైన షూటింగ్ రేంజ్ ఉన్నది గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర. మీరేమో ఎల్బీ నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉంటారు. మెట్రో రెడ్ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. పైగా రైఫిల్ బ్యాగ్‌తో మెట్రో స్కానర్ దాటడం మర్చిపోండి. అంటే సొంత బండి, సిటీ ఈ చివర్నుంచి ఆ చివరికి ట్రాఫిక్. కాలేజీ ఉన్నోళ్లకి వారానికి ఒకసారి కుదిరితే గొప్ప.

మరి మిగతా ఆరు రోజులు? ఇంట్లోనే ప్రాక్టీస్ చెయ్యొచ్చా? చెయ్యొచ్చు. అసలు ఈ ఆటలో ఎక్కువ భాగం ఇంట్లోనే, ఒక్క పెల్లెట్ కూడా కాల్చకుండా నేర్చుకోవచ్చు. దానికి కావాల్సిన గ్యాడ్జెట్లలో సగం ఇప్పటికే మీ జేబులో ఉన్నాయి. కొనాల్సినవి ఏవి, డబ్బు దండగ ఏవి అనేది ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లెక్క చూడండి

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం వ్యాసం 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు. పెన్ను మొనతో పెట్టిన చుక్కంత అన్నమాట. దాన్ని 33 అడుగుల దూరం నుంచి, నిలబడి, 5.5 కిలోల వరకు బరువుండే రైఫిల్‌తో కొట్టాలి. 60 షాట్లు, 75 నిమిషాలు. దశాంశాల్లో స్కోరు వేస్తారు కాబట్టి ఒక షాట్‌కి గరిష్ఠం 10.9, మొత్తం 654.

పక్కపక్క రింగులకి మధ్య ఉన్న తేడా 2.5 మిల్లీమీటర్లు. 10 మీటర్ల దూరంలో అది 0.014 డిగ్రీల కోణం. గట్టిగా ఊపిరి తీసుకుంటే బ్యారెల్ దీనికి ఎన్నో రెట్లు కదులుతుంది. అంటే ఇక్కడ పోటీ తుపాకీ పవర్‌తో కాదు, మీ ఒంటి కదలికతో. ఒంటిని కదలకుండా నిలపడానికి పెల్లెట్ అక్కర్లేదు కదా! అందుకే పెద్ద షూటర్లు కూడా ఖాళీ రైఫిల్‌తో గంటలు గంటలు గడుపుతారు. దీన్నే డ్రై ఫైర్ అంటారు.

10 మీటర్లు ఎక్కడ దొరుకుతాయి?

మామూలు టూబీహెచ్‌కేలో హాల్ ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిస్తే ఐదారు మీటర్లు వస్తే ఎక్కువ. పర్లేదు. దూరం సగమైతే టార్గెట్‌ని కూడా సగం చెయ్యండి, కంటికి అంతే కనిపిస్తుంది. 5 మీటర్లకి టార్గెట్‌ని 50 శాతం స్కేల్‌లో ప్రింట్ తీస్తే నల్ల వలయం 30.5 బదులు 15.25 మిల్లీమీటర్లు వస్తుంది. కోచింగ్ సెంటర్ల పుణ్యమా అని దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపులకి కొదవ లేదు. ప్రింట్ తీసేటప్పుడు "ఫిట్ టు పేజ్" ఆప్షన్ తీసేయమని చెప్పండి, లేకపోతే సైజు మారిపోతుంది. స్కేలు పెట్టి ఒకసారి కొలుచుకోండి.

ఎత్తు కూడా ముఖ్యమే. రేంజ్‌లో టార్గెట్ మధ్య చుక్క నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 5 మీటర్ల దగ్గర అంటించేటప్పుడు, గురి చూసే భంగిమలో మీ కన్ను ఉండే ఎత్తుకీ 1.4 మీటర్లకీ సరిగ్గా మధ్యలో పెట్టండి. అప్పుడు రైఫిల్ వంపు రేంజ్‌లో ఉన్నట్టే ఉంటుంది.

"మేడ మీద 10 మీటర్లు ఉందిగా అన్నా" అంటారేమో. వద్దు. టార్గెట్ తప్పిన పెల్లెట్ పిట్టగోడ దాటిందంటే వందల మీటర్లు పోగలదు. పక్క మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తుంటారు, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు. ఇంకో సంగతి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జంట పేలుళ్లు చూసిన చోటు దిల్‌సుఖ్‌నగర్. ఇక్కడ మేడ మీద పొడుగాటి తుపాకీతో ఓ మనిషి కనిపిస్తే, అది ఎయిర్ రైఫిలా ఇంకోటా అని కింద ఉన్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ భయం పెట్టే హక్కు మనకి లేదు. ప్రాక్టీస్ నాలుగు గోడల మధ్యే, కిటికీ కర్టెన్ వేసి.

డ్రై ఫైర్: అన్ని రైఫిళ్లకీ కాదు

ఇక్కడే కొత్తవాళ్లు ఖరీదైన తప్పు చేస్తారు. మొదటిసారి కొనేవాళ్లలో ఎక్కువమంది తీసుకునేది స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్. దాన్ని పెల్లెట్ లేకుండా కాలిస్తే, పిస్టన్‌ని ఆపే గాలి దిండు ఉండదు. అది నేరుగా వెళ్లి గోడని గుద్దినట్టు గుద్దుతుంది. సీల్, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి. పోటీల్లో వాడే ఫైన్‌వెర్క్‌బావ్, వాల్టర్ లాంటి కంపెనీల పీసీపీ రైఫిళ్లలో దీనికోసమే డ్రై ఫైర్ ఏర్పాటు ఉంటుంది. గాలి ఖర్చు కాదు, ట్రిగ్గర్ మాత్రం అచ్చం అసలైనట్టే నొక్కుకుంటుంది. కానీ వాటి ధర లక్షల్లో.

మీ దగ్గర స్ప్రింగ్ రైఫిల్ ఉంటే కాక్ చెయ్యకుండా హోల్డింగ్ మాత్రం చెయ్యండి. నిలబడండి, గురి చూడండి, కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి వదలండి, కళ్లు తెరవండి. సైట్ ఇంకా చుక్క మీదే ఉందా? పక్కకి పోయుంటే చేతులతో లాగకండి, పాదాలు జరపండి. ఈ ఒక్క డ్రిల్ రోజూ 20 నిమిషాలు చేస్తే, వారం చివర రేంజ్‌కి వెళ్లినప్పుడు నిలబడటం కుదురుకోవడానికే టైమ్ అంతా పోదు.

గ్యాడ్జెట్ల సంగతి

ఫోన్‌ని రైఫిల్‌కి కట్టడం: ఎవరికైనా మొదట తట్టే ఐడియా ఇదే. ఫోన్‌లో జైరోస్కోప్ ఉంది, ఊగితే గ్రాఫ్ చూపిస్తుంది. కానీ మూడు సమస్యలు. 200 గ్రాముల ఫోన్ బ్యారెల్ మీద పెడితే బ్యాలెన్స్ మొత్తం మారిపోతుంది. రెండోది, జైరో ఎంత ఊగారో చెబుతుంది కానీ టార్గెట్ ఎక్కడుందో దానికి తెలీదు. పైగా 0.014 డిగ్రీల స్థాయిలో కొన్ని సెకన్లకే డ్రిఫ్ట్ మొదలవుతుంది. మూడోది, స్ప్రింగ్ రైఫిల్ కుదుపు. మోటార్‌సైకిల్ ఇంజిన్ వైబ్రేషన్‌కే ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్ పనితీరు తగ్గొచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది. ఇక స్ప్రింగ్ రైఫిల్ ముందుకీ వెనక్కీ కొట్టే దెబ్బ సంగతి మీరే ఊహించుకోండి. మా తీర్పు: వద్దు.

ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టడం: ఇది మాత్రం బంగారం. 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు. సెకనుకి 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి సుమారు 60 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే దాదాపు 14 ఫ్రేములు. కెమెరాని పక్క నుంచి ట్రిగ్గర్ వేలి మీద, చెంప మీద ఫోకస్ చెయ్యండి. ట్రిగ్గర్ నొక్కిన వెంటనే తల ఎత్తుతున్నారా, భుజం సడలిస్తున్నారా అన్నది ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ దొరికిపోతుంది. తల ఎత్తే అలవాటు ఉన్నవాళ్లకి ఆ కదలిక షాట్ కంటే ముందే మొదలవుతుంది. వీడియో చూసేదాకా ఎవరూ ఒప్పుకోరు! ఒక్క జాగ్రత్త: ఇంటి ఎల్ఈడీ లైట్ల ఫ్లికర్ వల్ల స్లో మోషన్‌లో చారలు వస్తాయి, చీకటిగానూ ఉంటుంది. పగటి వెలుతురు పడే పక్క నిలబడండి.

ఫోన్ లైట్ సెన్సర్: రేంజ్‌లో టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ వెలుగు ఉండాలి. హాల్లో ట్యూబ్‌లైట్ కింద అందులో చాలా తక్కువే వస్తుంది. ఉచిత లక్స్ మీటర్ యాప్ ఒకటి వేసుకుని, ఫోన్ తెరని వెలుగు వైపు తిప్పి టార్గెట్ పక్కన పెట్టి కొలవండి. ఒక టేబుల్ ల్యాంప్‌ని టార్గెట్ మీదకి వంచితే సరిపోతుంది. ఫోన్ సెన్సర్ల కొలత ఉజ్జాయింపే, కానీ ఇక్కడికి అది చాలు.

మాంటిస్‌ఎక్స్ లాంటి సెన్సర్లు: తుపాకీకి బిగించే చిన్న డబ్బా, బ్లూటూత్‌తో ఫోన్‌కి కనెక్ట్ అవుతుంది. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కదలిక ఎటు, ఎంత అన్నది స్కోరుగా చూపిస్తుంది. ఫోన్ కంటే బాగా తేలిక. అయితే ఇది కూడా టార్గెట్‌ని చూడదు. ట్రిగ్గర్ లాగేసే జబ్బు ఉన్నవాళ్లకి పనికొస్తుంది, గురి ఎక్కడుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి కాదు.

స్కాట్ ఎంఎక్స్-02: ప్రొఫెషనల్ షూటర్లు వాడేది. బ్యారెల్‌కి బిగించే చిన్న కెమెరా టార్గెట్‌నే చూస్తూ, మీ గురి ప్రయాణించిన దారి మొత్తం కంప్యూటర్ తెర మీద గీస్తుంది. గురి దగ్గరకొచ్చే దారి ఆకుపచ్చ, చివరి సెకను పసుపు, ఆఖరి 0.2 సెకన్లు నీలం, షాట్ తర్వాత ఎరుపు. ఆ నీలం గీత పొడవు చూస్తే మీ ట్రిగ్గర్ జాతకం మొత్తం తెలిసిపోతుంది. దిగుమతి ఖర్చులతో లక్ష దాటుతుంది కాబట్టి, రాష్ట్ర స్థాయి పోటీల గురించి సీరియస్‌గా ఆలోచిస్తేనే దీని జోలికి వెళ్లండి. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం ఇంకా మంచి ఐడియా.

ఇంట్లో ప్రాక్టీస్ అంటే ఏదో సరదా పని అనుకోకండి. 2008లో బీజింగ్‌లో ఇదే ఈవెంట్‌లో స్వర్ణం కొట్టిన అభినవ్ బింద్రాకి వాళ్ల నాన్న ఇంటి దగ్గరే రేంజ్ కట్టించారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుస్తుండగా మాజీ షూటర్ షిమోన్ షరీఫ్ ఆన్‌లైన్ షూటింగ్ పోటీ పెడితే, మనూ భాకర్ సహా పలు దేశాల షూటర్లు ఎవరి ఇంట్లో వాళ్లు ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద కాల్చారు.

పెల్లెట్ కాల్చాల్సిందే అంటే

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. 0.22 కావాలంటే లైసెన్స్ కావాలి. 0.53 గ్రాముల పెల్లెట్‌ని సెకనుకి 170 మీటర్ల వేగంతో పంపితే వచ్చే శక్తి సుమారు 7.7 జౌల్సే. పోటీ రైఫిళ్లు ఇంతే ఉంటాయి. కాబట్టి "ఎక్కువ పవర్ ఉన్నది ఇవ్వు భయ్యా" అని షాపులో అడగడం అనవసరం. అలాగని 7.7 జౌల్స్‌ని తక్కువ అంచనా వెయ్యొద్దు, కన్ను పోవడానికి అది చాలు.

కొన్ని నియమాలు రాసి గోడకి అంటించండి. టార్గెట్ వెనక తలుపు, కిటికీ ఉండకూడదు, గట్టి గోడే ఉండాలి. ఇనుప పెల్లెట్ ట్రాప్ తప్పనిసరి. ఇనుప బీబీలు వాడొద్దు, అవి తిరిగి మీ మొహానికే వస్తాయి. అందరికీ సేఫ్టీ గ్లాసెస్. ఇంట్లో ఉన్నవాళ్లందరూ మీ వెనకే ఉండాలి, గది తలుపు గడియ పెట్టుండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ట్రాప్ కింది పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. పని అవగానే రైఫిల్‌కి తాళం. ఇక బాల్కనీలో పావురాల మీద "టెస్టింగ్" అంటారా, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అలాగే ఉంది.

ఏం కొనాలి, ఏ వరుసలో?

మొదటి నెల ఖర్చు రెండు రూపాయల ప్రింటవుట్, ఒక ట్రైపాడ్, ఒక టేబుల్ ల్యాంప్. అంతే. వారానికోసారి గచ్చిబౌలి వెళ్లి కోచ్ ముందు కాల్చండి, రేంజ్ రైఫిల్ దొరికితే అదే వాడండి. మూడు నెలలైనా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు సొంత రైఫిల్, జాకెట్ గురించి ఆలోచించండి. సెన్సర్ అన్నిటికంటే చివర. ఎందుకంటే మీరు ఎక్కడ తప్పు చేస్తున్నారో సెన్సర్ చెబుతుంది కానీ, దాన్ని సరిదిద్దేది మీ పాదాలు, మీ ఊపిరి. వాటికి ఈఎంఐ ఆఫర్ ఏమీ లేదు.